ఆ గుర్తు ఎవ్వరిది? – భద్రాచల ప్రయాణము

గడచిన ఆషాఢమాసమున మా యత్తగారిని చూచి వచ్చుటకై నేనును మావారును ఖమ్మమునుండి భద్రాచలమునకు ప్రయాణమైతిమి. మావారు బడిపంతులు. ఆదివారమునకు ముందు వెనుకల రెండు మూడు దినములు సెలవు దొరకుటయే గొప్ప. అత్తగారు మా మరిదిగారి యింట నుందురు. మూడేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి వారి కుడికాలును కుడిచేయియు స్వాధీనము తప్పినవి. యాత్రావిశేషములు నాలుగు వ్రాసి సోదరీమణులకు వినిపింపవలెనని బయలుదేరితిని గాని, ఆ యాత్రలో నాకు కలిగిన సిగ్గును గూడ దాచక చెప్పవలసి వచ్చినది.

ఖమ్మమునుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణ ముచితమైనది గదా! నాటినుండి పుట్టింటికి పోవువారు, ఆసుపత్రికి పోవువారు, కళాశాలకు పోవు బాలికలు, అందఱును బస్సులయందే. మే మెక్కిన బస్సును అట్లే క్రిక్కిఱిసి యుండెను. మావారు వెనుక నిలుచుండిరి. నాకు ముందువైపున నొక చోటు దొరకినది. కూర్చున్న తరువాత తలయెత్తి చూడగా కిటికీపైన ‘వికలాంగులకు’ అని వ్రాసియున్నది. బస్సులో అట్టివా రెవ్వరును కానరాలేదు, కావున కూర్చుంటిని.

వైరా దాటి తల్లాడ చేరునప్పటికి నొక యంధుడు చేతికఱ్ఱతో నెక్కెను. వెంట ఏడెనిమిదేండ్ల మనుమడు. నా ప్రక్కనున్న యమ్మ కిటికీ వెలుపలికి చూడసాగినది. నేను లేచి, ఆయన చేయిపట్టి కూర్చుండబెట్టితిని. ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెము వచ్చువఱకు నిలుచుండియే యుంటిని. నడుము నొచ్చినది గాని మనస్సునకు మిక్కిలి తృప్తి కలిగినది. ఎదుటివారి సంగతి యెఱిగి మెలగుదానను గదా యని నన్ను నేనే మెచ్చుకొంటిని. ఈ మాట నెందుకు వ్రాయుచున్నానో ముందు తెలియగలదు.

కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల వారికి ముఖ్యస్థానము. అచ్చట సగము బస్సు ఖాళీయైనది. పాల్వంచ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు దాటిన తరువాత దారి కిరుప్రక్కల పచ్చదనము చిక్కనయ్యెను. టేకు, మద్ది, ఇప్ప, తునికిచెట్లు వానకు తడిసి నిగనిగలాడుచుండెను. వేసవిలో ఈ తునికాకు కోతయే కోయలకు నాలుగు డబ్బులు కంటజూపు పని. నడుమ నడుమ కోయపల్లెలు, వెదురుదడులు, దడుల వెనుక మొక్కజొన్న. పుస్తకముల సంచులు తగిలించుకొని, తలపై ప్లాస్టిక్ గోనెలు కప్పుకొని, బాలబాలికలు బారులుగా నడచిపోవుచుండిరి. అడవి యంచున బడికి పోవుట యనగా ముందుగా నడచుట యని నాకు తోచెను.

సారపాక దాటగానే గోదావరి కానవచ్చెను. 1965లో ఈ వంతెన తెఱచువఱకు ఆవలియొడ్డు చేరుటకు పడవలే దిక్కు. ఆషాఢపు గోదావరి ఎఱ్ఱని నీటితో నిండుగా పాఱుచుండెను. ఆవల గుట్టపై రామాలయ గోపురము. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న తహసీలుదారుగా నుండి యీ గుడిని కట్టించి, చెఱసాల పాలై, రామదాసు అయ్యెను గదా! భద్రాచలము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. పిమ్మట ఖమ్మము జిల్లాలో కలిసినది. 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. జిల్లాలు మాఱినను యాత్రికులు మాఱలేదు.

ఆదివారము సాయంకాలము అత్తగారిని కారులో గోదావరి కరకట్టకు తీసికొనిపోతిమి. నడవలేనివారిని కారునుండి దింపుట యెంత పనియో నేను నాడు చూచితిని. మొదట తలుపు పూర్తిగా తెఱువవలెను. చక్రాల కుర్చీని విప్పి తలుపు ప్రక్కకు చేర్పవలెను. ఒకరు కాళ్లను వెలుపలికి తీయవలెను, ఒకరు చంకల క్రింద చేతులుంచి లేపవలెను. ప్రక్కన నింకొక బండి ఆనుకొని నిలిచినచో, పనియంతయు చెడును. మరిదిగారు ఇందుకొఱకే నీలిరంగు చక్రాల కుర్చీ బొమ్మగల కాగిత మొకటి కొని, అట్టమీద అంటించి, కారు ముందటి అద్దము వెనుక నుంచిరి. అత్తగారికి సదరం శిబిరమున వైద్యు లిచ్చిన ధ్రువపత్రమును కలదు. కావున ఆ గుర్తులో అబద్ధ మేమియు లేదు.

సోమవారము ఉదయమున నా తోడికోడలు తన కుమారుని బడికి దింపబోవుచు, “అక్కా, నీవును రా, ఊరు చూచినట్లుండును” అనెను. ఆమె తెల్లవాఱుజామున లేచి అత్తగారికి స్నానము చేయించి, మందులిచ్చి, వంటచేసి, పిల్లవానిని సిద్ధము చేయును. అందువలన నాలుగు నిమిషము లాలస్యము కాని దినము లేదు. సన్నని తుంపర పడుచుండెను. బడి ముందటి వీధి ఆటోలతోను, స్కూటర్లతోను, కార్లతోను నిండియుండెను. గేటు ప్రక్కన, చక్రాల కుర్చీ నెక్కించు వాలుబాట మొదట, నేలపై తెల్లరంగుతో ఆ బొమ్మయే వ్రాసి యొక చోటు విడిచిరి. తోడికోడలు కారును తిన్నగా ఆ చోటున నిలిపెను.

“చెల్లీ, ఇది...” అంటిని.

“మనకు గుర్తున్నది గదా అక్కా! రెండు నిమిషాలే” అనెను.

నేను మఱి మాటాడలేదు. గుర్తున్నమాట నిజమే గదా యని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని.

అంతలో మా వెనుక నొక ఆటో వచ్చి యాగినది. అందుండి కోయస్త్రీ యొకతె దిగి, కొంగు తలపై కప్పుకొని, మా కారు ప్రక్కకు వచ్చెను. మమ్ము లెమ్మని చెప్పుటకే వచ్చినదని తలంచితిని. ఆమె అద్దము వెనుకనున్న బొమ్మను చూచి, రెండడుగులు వెనుకకు జరిగి, “మెల్లగా దింపుకోండమ్మా, తొందర లేదు. మేం ఆగుతాం” అనెను.

ఆమె మా గుర్తును నమ్మినది. లోపల నడవలేనివా రున్నారనుకొని, వానలో నిలుచుండి, మాకు చోటిచ్చినది.

వెనుకతలుపు తెఱచుకొని మా పిల్లవాడు లేడికూనవలె దుమికి, నీళ్లు చిందించుచు గేటులోనికి పరుగెత్తెను. ఆమె వానిని చూచెను. తరువాత ఖాళీయైన వెనుకసీటును చూచెను. ఒక్క మాటయు ననక ఆటోవద్దకు పోయెను. తోడికోడలు కారు తీయబోయెను గాని, ముందు బండ్లు, వెనుక బండ్లు. కదలుటకు సందు లేదు. బడిగంట మ్రోగెను. ఆమె ఆటోలోనుండి పదేండ్ల బాలికను చంక నెత్తుకొనెను. ఆ బిడ్డ కాళ్లు సన్నగా వ్రేలాడుచుండెను. ఆటో నడుపువాడు కుర్చీని నెత్తిన బెట్టుకొని ముందు నడచెను. ఆ తల్లి బురదలో కాలు జారకుండ నాని నాని అడుగు వేయుచుండెను. నేను దిగి పరుగున పోయి, “అమ్మా, సంచియైనను ఇటిమ్ము” అంటిని.

“వద్దమ్మా, నాకు అలవాటే” అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉండినచో నాకు కొంత సులువుగా నుండెడిది. బస్సులో నిలుచుండి నేను సంపాదించుకొన్న పుణ్యమంతయు ఆ బురదలో కలిసినదని తోచెను.

ఇంటికి వచ్చి యా సంగతి నత్తగారికి చెప్పితిమి. తోడికోడలే ముందుగా చెప్పెను. అది యామె మంచితనము. అత్తగారికి మాట కొంచెము తడబడును గాని తెలివి తడబడదు. కొంతసేపు ఊరకుండి, “నేను బండిలో ఉన్నానా?” అని యడిగిరి.

“లేరత్తయ్యా!”

“మరి నా పేరు చెప్పి ఆ పిల్లను తడిపినారా? కాలు పడిపోయింది నాకు గాని మీకు కాదు గదా! ఆ అట్ట ఇట్లా తెండి” అనిరి.

మే మా యట్టను తెచ్చి యిచ్చితిమి. వా రెడమచేతితో దానిని రెండుగా మడిచి తమ వక్కలసంచిలో నుంచుకొనిరి. “నేను బండెక్కితే ఇదీ ఎక్కుతుంది. నేను దిగితే ఇదీ దిగుతుంది” అనిరి. అంతకంటె నొక్కమాట యెక్కువ యనలేదు.

సోదరీమణులారా! ఇందులోని ధర్మమును అత్తగారు ఏ పుస్తకమును చదువకయే చెప్పిరి. ఆ చక్రాల కుర్చీ బొమ్మను 1968లో డెన్మార్కు దేశపు విద్యార్థిని సుసాన్ కోయ్‌ఫోడ్ గీసినది. ఇంగ్లండు దేశమున నడవలేనివారి బండ్లకు 1971నుండి నారింజరంగు పత్రమును, 2000నుండి నీలిరంగు పత్రమును ఇచ్చుచు వచ్చిరి. అచ్చటి నియమ మేమనగా, ఆ పత్రము బండిది కాదు, ఇంటిది కాదు, మనిషిది. ఆ మనిషిని తీసికొనిపోవుటకో దింపుటకో గాక, ఇంటివారు తమ పనికి దానిని వాడుకొనుట తప్పు.

మన దేశమున 1995లో మొదటి వికలాంగుల చట్టము వచ్చినది. దానియందు ఏడు విధములైన వైకల్యములనే చెప్పిరి. 2016వ సంవత్సరపు చట్టమున అవి యిరువదియొకటి అయినవి. వికలాంగులకై యుద్దేశించిన లబ్ధిని మోసముచే పొందినవారికి రెండేండ్ల వఱకు చెఱసాల గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని యందు వ్రాసిరి. బండి నిలుపు చోటు గేటునుండి 30 మీటర్లకు మించకుండ నుండవలెననియు, వెడల్పు 3.6 మీటర్లుండవలెననియు ప్రభుత్వపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఈ వెడల్పు మర్యాదకై యిచ్చినది కాదు. తలుపు తెఱచి కుర్చీని చేర్చుటకు కావలసిన చోటే యది. కరకట్టవద్ద నేను చూచిన పని యెఱిగినవారి కీ లెక్క వెంటనే బోధపడును.

చట్టమునకు భయపడి కాదు నేనీ మాట వ్రాయుట. రోగిని కనిపెట్టుకొని యుండు ఇల్లాలు అలసిపోవును. ఆ యలసటకు ప్రతిఫలముగా రోగికి వచ్చిన సౌకర్యము తనదియు ననుకొనుట సహజము. ఇల్లంతయు కష్టపడుచున్నది గావున సౌకర్యమును ఇల్లంతయు పంచుకొందము అనిపించును. అచ్చటనే పొరపాటు. మన పిల్లవాడు రెండు నిమిషములు నడచినచో వానికి నష్టము లేదు. ఆ తల్లికి మాత్రము ఆ రెండు నిమిషములే దినమంతటిలో కష్టమైన రెండు నిమిషములు. బడిగంట వేళయే మనకు తొందర. ఆ చోటు గలవారును ఆ వేళకే వత్తురు. కావున ‘ఎవరును లేనప్పుడే గదా వాడుకొంటిమి’ అను మాట బడిగేటువద్ద నిలువదు.

మన యిండ్లలో పిల్లలకు శ్రవణకుమారుని కథ చెప్పుదుము. అంధులైన తల్లిదండ్రులను కావడిలో నుంచుకొని మోసినాడు. ఆ కావడిలో తన సామాను వేసికొని, ‘అమ్మా, నీవు ఇంటనే యుండుము’ అని పోయినాడని యే తల్లియు చెప్పదు. అదే కథలో దశరథుడు బాణము వేసినది ఏనుగు నీరు త్రాగుచున్నదనుకొని. తెలియక చేసినదే యైనను, అది యంధుల కడుపుకోత యైనది. మా కారు నిలిపినదియు ఎవ్వరినో బాధింపవలెనని కాదు.

మంగళవారమున పది నిమిషములు ముందుగా బయలుదేరితిమి. పిల్లవానికి సంచి సర్దుపని రాత్రియే ముగించితిని. తోడికోడలికి ఉదయమున అంతమాత్రపు సాయము చాలినది. కారును వీధి చివర నిలిపి, నేను వాని చేయి పట్టుకొని నడచితిని. వాడు దారిలో కప్పలను చూపుచు సంతోషముగా నడచెను. గేటువద్ద ఆ యాటో తన చోటున నిలిచియుండెను. వాలుబాటమీద ఆ తల్లి కుర్చీని నెట్టుచు పోవుచుండెను. ఒడిలో పుస్తకముల సంచి పెట్టుకొని ఆ బాలిక ఏదో చెప్పి నవ్వుచుండెను. ఆమె మమ్ము చూడలేదు. నేనును పిలువలేదు.

ఆ మధ్యాహ్నము బస్సెక్కి వంతెన దాటుచుండగా మావారు, “ఈసారి యాత్రలో ఏమి చూచితివి?” అని యడిగిరి. గోదావరిని చూచితిని, గోపురమును చూచితిని అని చెప్పితిని. మిగిలినది ఇంటికి చేరిన తరువాత నిదానముగా చెప్పితిని. మీ యింట నెవరి పేరనైన నట్టి గుర్తున్నచో, అది బండిలో గాక వారిచేతనే యుండునట్లు చూడుడు.