కవలపిల్లలు – స్వరభేదము



మా యింట కవల యాడుపిల్లలు గలరు. ఇటీవలనే వారికి ఆరేండ్లు నిండినవి. ఒకే మాయను పంచుకొని పెరిగినవారగుటచే వారిని గుర్తుపట్టుటకు కన్నతల్లినగు నాకే కొన్నాళ్లు పట్టెను. అయినను వారిలో చిన్నదానికి ప్రతిదినమును పరగడుపున ఒక చిన్న మాత్ర నీయవలసియున్నది. పెద్దదానికి ఆ యవసరము లేదు. ఈ భేద మెట్లు కలిగెనను ప్రశ్న నన్ను చాలకాలము వేధించెను. ఆ వేదన తీరిన విధమును మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పిల్లలు పుట్టిన మూడవనాడు ఆసుపత్రిలో మడమనుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించి, ఇద్దరికిని దోషము లేదనిరి. అయినను వైద్యురాలు, "కవలలు గనుక పదునాలుగవనాడు మరల పరీక్ష చేయింపుడు" అని చెప్పి పంపిరి. ఆ దినమున ముసురు పట్టియుండెను. "పచ్చి బాలింతవు. ఒకమారు బాగున్నదనిరి గదా! పసికందులను వానలో త్రిప్పుట యెందుకమ్మా?" యని మా అత్తగారు వారించిరి. నేనును మానుకొనియే యుందును. కాని చిన్నది పాలు త్రాగుచు త్రాగుచునే నిద్దురపోవుచుండెను. దాని యేడ్పు బొంగురుగా నుండెను. నా మనస్సు నిలువలేదు. మా అమ్మను తోడు తీసికొని ఆటోలో పోతిని.

ఈమారు చిన్నదాని రక్తములో థైరాయిడు లోపము బయటపడెను. గర్భమునందు కవలల రక్తము మాయద్వారా కలియుచుండుటచే, అక్క రక్తమందలి హార్మోను చెల్లెలి లోపమును మొదట కప్పివేసినదని వైద్యురాలు వివరించిరి. స్కానులో గ్రంథి కంఠమున లేదు. నాలుక మొదట చిన్న ముద్దవలె నిలిచియున్నది. ఆనాడే మందు మొదలుపెట్టిరి.

మందు దొరకినది గాని నింద పోలేదు. "అయిదవనెలలో గ్రహణమునాడు కత్తిపీట ముట్టితివి" అని మా అత్తగారు జ్ఞాపకము చేసిరి. పైకి నేను మారు పలుకకున్నను, రాత్రులందు బిడ్డ మెడ తడిమి చూచుకొని కన్నీరు పెట్టుకొంటిని.

చిన్ననాడు మా నాయనగారు నాకు భాగవతము చెప్పుచు, తృతీయస్కంధమున కపిలుడు దేవహూతికి పిండోత్పత్తిక్రమమును తెలుపు ఘట్టమును చదివించిరి. కలలము, బుద్బుదము మొదలుకొని మాసక్రమమున అవయవము లేర్పడుట అందు గలదు. ఆ క్రమమునే నేటి శాస్త్ర మెట్లు చెప్పుచున్నదో తెలిసికొనగోరి, మా వారు బడినుండి తెచ్చిన పుస్తకములను వారి సాయమున చదివితిని.

పిండమునందు అన్నిటికంటె ముందు మొదలగు వినాళగ్రంథి ఈ థైరాయిడే. ఇది యిరువదినాలుగవ దినప్రాంతమున నాలుక మొదట అంకురించి, మెల్లగా దిగివచ్చి, ఏడవవారమునకు కంఠమున తన తావు చేరును. అయిదవనెల గ్రహణమునాటికి ఆ ప్రయాణ మెన్నడో ముగిసినది!

మరి యీ గ్రంథిని పుట్టించున దేది? శరీరమందలి కణములన్నిటిలోను ఉన్న డి.ఎన్.ఏ. దాదాపు ఒకటే. ఏ కణము ఆ గ్రంథమున ఏ భాగమును చదువవలెనో నిర్ణయించుటకు కొన్ని ప్రోటీనులు గలవు. థైరాయిడునకు ముఖ్యమైనవి నాలుగు. వానిలో పాక్స్-8 అనునది మూత్రపిండములందును పనిచేయును; మరియొకటి ఊపిరితిత్తులందును పనిచేయును. నాలుగును ఒక్కచోట కూడినప్పుడే థైరాయిడు. ఇదిగాక, మిథైల్ అను చిన్న గుర్తులు డి.ఎన్.ఏ. అక్షరములకు అంటుకొని సాధారణముగా ఆ భాగమును మూగపరచును. డి.ఎన్.ఏ. దారము హిస్టోనులను ప్రోటీను ఉండలకు చుట్టుకొనియుండును. బిగిసినచోట చదువబడదు, సడలినచోట చదువబడును. అక్షరము మారకయే చదువు మారు నీ విధమును ఎపిజెనెటిక్సు అందురు. ఆ పేరును 1942లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు వాడింగ్టన్ పెట్టెను.

ఇది చదివినప్పుడు నాకు త్వష్ట కథ స్ఫురించెను. తన కుమారుని చంపిన ఇంద్రునిపై పగబట్టి, ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని త్వష్ట హోమము చేసెను. మంత్రమున అక్షర మొక్కటియు తప్పలేదు, స్వరము తప్పెను. అంతమాత్రమున అర్థము తలక్రిందై, పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెను. అక్షరముపై గీచిన చిన్న గీటున కెంత బలమో!

ఒకే పోలికగల కవలలలో ఇట్టి లోపము తరచుగా ఒక్కరికే యుండుట వైద్యులు చూచినారు. వంశపు అక్షరములే కారణమైనచో ఇద్దరికిని రావలసినది గదా! అందుచే పిండదశలోని గుర్తుల భేదమో, కణమున కలిగిన మరియొక చిన్న మార్పో కారణమై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. నాకు దొరకిన యూరట మాత్ర మిది: ఒకే గర్భము, ఒకే యన్నము, ఒకే గ్రహణము. పెద్దదానిని తాకని నా కత్తిపీట చిన్నదానిని మాత్ర మెట్లు తాకెను?

ఈ మాటనే ఒకనాడు మా అత్తగారితో మెల్లగా అంటిని. ఆమె యేమియు అనలేదు. మరునాటి యుదయము నేను లేచునప్పటికి మాత్రను తామే నూరి, చెంచాడు నీటిలో కలిపి, మనుమరాలిని ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి.

సోదరీమణులారా! ఈ లోపము సుమారు రెండు మూడువేల శిశువులలో ఒకరికి కలుగును. పుట్టిననాడు బిడ్డ చక్కగానే కనబడును. రెండు వారములలోపల మందు మొదలుపెట్టినచో మెదడు చక్కగా ఎదుగును. ఆలస్యమైనచో పోయిన తెలివి మరల రాదు. కెనడాలోని క్విబెక్కున 1974లోనే శిశువు లందరికిని ఈ పరీక్ష మొదలుపెట్టిరి. కావున పురుడు పోసికొను ప్రతి యింటివారును మడమ రక్తపరీక్షను అడిగి చేయించుకొనుడు. కవలలైనచో రెండవమారును మరువకుడు.

మా పిల్ల లిద్దరును ఇప్పుడు పద్యములు వల్లించుచున్నారు. చిన్నదే ముందు వచ్చిన దప్పగించుచున్నది.