మూడు రోజుల తీరిక

శుక్రవారం పంద్రాగస్టు, శనివారం కృష్ణాష్టమి, ఆదివారం ఎలాగూ ఆదివారమే! 2025లో క్యాలెండరు ఇలా కలిసొచ్చేసరికి మావారికి ఉత్సాహం ముంచుకొచ్చింది. "ఎక్కడికైనా పోయి మూడురోజులు హాయిగా ఉందాం" అన్నారు. మగవాళ్ళకేం, సంచులు సర్దేది మనమాయె!

పిల్లలు ఊటీ అన్నారు. "మదనపల్లెకు పోదాం. బాహుదా ఏరు చూడాల" అంది మా అత్తమ్మ. పెళ్ళై కుప్పం వచ్చాక ఆవిడ పుట్టినూరికి వెళ్ళినా ఏ పెళ్ళికో చావుకో వెళ్ళి మర్నాడే వచ్చేసేది. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్ళలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఇక ఊటీ మాట ఎవరెత్తుతారు చెప్పండి?

వి.కోట, పలమనేరు దాటి పుంగనూరులో కాఫీకి ఆగాం. పొట్టి ఆవులేవీ అని పిల్లలు వీధంతా వెతికారు. ఒక్కటీ కనబడలేదు. "పేరు ఊరికి మిగిలింది, ఆవులు డబ్బున్నోళ్ళ ఇండ్లకు పోయినాయి" అంది అత్తమ్మ.

మదనపల్లె బీటీ కాలేజీ ముందు మావారు గైడు అవతారమెత్తారు. 1919లో ఠాగూరు ఇక్కడ బసచేసినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారట. బాణీకి స్వరలిపి రాయడంలో తోడ్పడింది మార్గరెట్ కజిన్స్ గారట. పొద్దునే జెండావందనం చేసొచ్చిన పిల్లలు బుద్ధిగా విన్నారు.

సాయంత్రం ఏటికెళ్ళాం. ఇసుక, కంపచెట్లు. నీటిచుక్క లేదు! నా గుండె కలుక్కుమంది. అత్తమ్మ మాత్రం ఇసుకలో చతికిలబడి రెండు చేతులా తోడసాగింది.

"చెలమ తీస్తాండా. చిన్నప్పుడు ఇట్లే తోడి, ఊరిన నీళ్ళు బిందెకు ముంచుకుంటాంటిమి."

"మురికమ్మా, లెయ్!" అన్నారు మావారు. నేను కొంగు దోపుకుని ఆవిడ పక్కన కూర్చుని తవ్వాను. మోచేతి లోతున తడి తగిలింది. ఎంతసేపు చూసినా నీళ్ళూరలేదు.

"తడి ఉండాది. చాల్లేమ్మా" అని చేతులు దులుపుకుంది.

మర్నాడు హార్స్లీ కొండ ఎక్కాం. ఆవిడ నోట అది ఇప్పటికీ ఏనుగు మల్లమ్మ కొండే. చల్లగాలికి చెట్టుకింద అత్తాకోడళ్ళం ఇద్దరం నిద్రపోయాం. పగలు నిద్రపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఇంటికొచ్చి బట్టలు నానేస్తుంటే ఆవిడ చీరకొంగున ముడి తగిలింది. విప్పితే గుప్పెడు ఇసుక. సంచులన్నీ సర్దింది నేనే, నాకు తెలియకుండా వచ్చిన సరుకు అదొక్కటే! పారబొయ్యబుద్ధికాక తులసికోటలో వేశాను. అత్తమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి తులసికి నీళ్ళు మాత్రం నన్ను పొయ్యనివ్వడం లేదు.