శాన్ పెడ్రో వీధి దాకా

బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒక్కదాన్నే కారులో వెళ్తానంటే ఒంగోలులో ఉన్న అమ్మ వద్దనలేదు. "దారి ప్రభువుకు అప్పగించి బయలుదేరమ్మా. తెల్లారి అయిదింటికి నేను మోకరిస్తాను" అంది. అక్కడ కొత్త ఉద్యోగం. సామాను ముందే లారీలో వెళ్ళిపోయింది. విమానంలో అయితే కొన్ని గంటల పని. కానీ నాన్న పోయిన దగ్గర్నుంచి నా ప్రార్థన పెదాల మీదే ఉండిపోతోంది. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని పొడుగాటి దారి ఒకటి కావాలనిపించింది.

అమ్మకు ఉదయం అయిదంటే బోస్టన్‌లో నాకు సాయంత్రం ఏడున్నర. షికాగో చేరేసరికి ఆరున్నర అయింది, న్యూ మెక్సికోలో అయిదున్నర. పడమరకు పోయేకొద్దీ ఆమె ప్రార్థన నాకు ఇంకా పొద్దుండగానే అందేది. ఆ వేళకు ఎక్కడున్నా కారు ఆపి తల వంచుకోవాలనుకున్నాను. ఆగి తీరాలని అనుకున్న ఊళ్ళు మాత్రం రెండు మూడే.

అందులో మొదటిది ఐయోవాలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న బర్లింగ్టన్. మా ఒంగోలు వాళ్ళు క్లౌ దొర అని చెప్పుకునే జాన్ ఎవరెట్ క్లౌ చదువుకున్న ఊరు అది. భూముల సర్వే పని చేసిన ఆ యువకుడు 1866లో మిషనరీగా ఒంగోలు చేరాడు. మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే తాము రామని పైకులాల వాళ్ళు కొందరు చెప్పారు. ఏం చేయాలో పాలుపోక దొర ఒకచోట, భార్య హ్యారియెట్ మరోచోట, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందంటారు. లోకం తోసేసినవాళ్ళను దేవుడు ఏర్పరచుకోవడం గురించి చెప్పే భాగం అది. మాదిగలకే తలుపు తెరిచారు. కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ఇంటి విశ్వాసం మొదలైంది ఆ నీళ్ళలోనే.

బైబిలు తెరిచి వేలు పడ్డ చోట దేవుని చిత్తం వెతకడం నాకు నచ్చదు. ఆ దంపతుల సంగతి వేరు. వాళ్ళకు దొరికిన వాక్యం వాళ్ళను కష్టమైన వైపుకు తోసింది. మనకు అనువైన దారికే దేవుడు నడిపించాడని పేరు పెట్టుకోవడం మనలో ఎక్కువ. నది ఒడ్డున కూర్చుని చాలాసేపు దీని గురించే ఆలోచించాను.

మిస్సోరీలో ఒక చిన్న ఊళ్ళో అమ్మ ప్రార్థన వేళకు నేను కారు ఆపింది ఒక బాప్టిస్టు చర్చి ఆవరణలో. ఆవేళ బుధవారం. ఇక్కడి బాప్టిస్టు సంఘాలు చాలావాటిలో బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం, దానికి ముందు అందరికీ కలిపి భోజనం ఉంటాయి. తల వంచుకుని కూర్చున్న నన్ను చూసి ఒక నల్లజాతి పెద్దావిడ కారు అద్దం మీద తట్టింది. లోపలికి తీసుకెళ్ళి వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర పెట్టింది. ఎక్కడి పిల్లవి, పెళ్ళయిందా, ఇంత దూరం ఒక్కదానివేనా అని మా అమ్మమ్మలు అడిగేవన్నీ అడిగింది. గుండ్లకమ్మ కథ చెబుతుంటే బల్లల దగ్గర వాళ్ళంతా తినడం ఆపి విన్నారు. భోజనాలయ్యాక నా చుట్టూ చేరి, భుజాల మీద చేతులుంచి నా టైర్ల కోసం, నా కళ్ళ కోసం, రాత్రంతా లారీలు నడిపేవాళ్ళకు కునుకు పట్టకుండా ఉండడం కోసం ప్రార్థించారు. అంత వివరంగా నా కోసం నేనెప్పుడూ అడగలేదు.

బయటికొస్తే రోడ్డుకు అవతల ఇంకో చర్చి, అదీ బాప్టిస్టులదే. అక్కడా భోజనాలు ముగిసి జనం కార్లెక్కుతున్నారు. అందరూ తెల్లవాళ్ళే. ఆదివారం పదకొండు గంటల వేళ అమెరికాలో జాతుల మధ్య ఎడం అన్నిటికన్నా ఎక్కువని మార్టిన్ లూథర్ కింగ్ బాధపడ్డారు. ఒకే పల్లెలో మాలలకో గుడి, మాదిగలకో గుడి చూస్తూ పెరిగినదాన్ని, నాకు దాన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

బైబిల్లో, గాజా దారిలో రథమెక్కి పోతున్న ఐతియొపీయుడి దగ్గరకు ఫిలిప్పు పరుగెత్తి వస్తాడు. ఆ కథను సండే స్కూలులో ఎప్పుడూ ఫిలిప్పు వైపు నుంచే విన్నాను, చెప్పాల్సినవాళ్ళం మనమేనన్నట్టు. ఆ రాత్రి మోటెల్ గదిలో, నా కారు అద్దం తట్టిన పెద్దావిడను తలుచుకుంటూ, రథంలో కూర్చున్న మనిషి వైపు నుంచి చదివాను.

ఓక్లహోమా సిటీలో 1995 ఏప్రిల్ 19న బాంబు పేలి 168 మంది చనిపోయిన చోట 168 ఖాళీ కుర్చీలున్నాయి. వాటిలో 19 చిన్నవి, పిల్లలవి. రోడ్డు అవతల, పాత సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ పక్కన తెల్లని యేసు విగ్రహం ఉంది. ఆ చోటుకు వీపు తిప్పి, ముఖం చేత్తో కప్పుకుని ఏడుస్తున్న యేసు. మా సంఘంలో విగ్రహాలుండవు. అయినా అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. నాన్న పోయినప్పుడు శవం పక్కనే నిలబడి అంతా దేవుని చిత్తమని వివరించినవాళ్ళు ఎంతమందో. ఆ మాట నన్ను ప్రార్థనకు దూరం చేసింది. ఇక్కడ దేవుడు ఏమీ వివరించడం లేదు. నాన్న కోసం నేను నోరు తెరిచి ప్రార్థించింది అక్కడే, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా.

మర్నాడు టెక్సాస్‌లో గ్రూమ్ దగ్గర 190 అడుగుల శిలువ దూరం నుంచే కనిపించింది. దిగి చూశాను. మనసు ఓక్లహోమాలోనే ఉంది.

లాస్ ఏంజెలెస్‌లో మొదట వెళ్ళింది అజూసా వీధికి. బానిసత్వం నుంచి విడుదలైన తల్లిదండ్రుల కొడుకు విలియం సేమూర్ 1906లో ఇక్కడ, ఒకప్పుడు గుర్రాలశాలగా వాడిన భవనంలో కూటాలు నడిపాడు. ప్రపంచంలో ఎన్నో పెంతెకొస్తు సంఘాలు తమ మొదలు ఇక్కడే చూసుకుంటాయి. అంతకుముందు హ్యూస్టన్‌లో బైబిలు పాఠాలకు వెళ్తే, నల్లవాడని సేమూర్‌ను తరగతిలో కూర్చోనివ్వలేదు. తలుపు బయట కూర్చుని విన్నాడు. ఆయన నడిపిన కూటాల్లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మెక్సికన్లు పక్కపక్కనే మోకరించారు. ఆ కలయిక ఎన్నో ఏళ్ళు నిలవలేదన్నది నాకు ఇప్పటికీ బాధే. భవనం ఇప్పుడు లేదు. గుర్తుగా ఒక ఫలకం ఉంది.

పక్కనే ఉన్న శాన్ పెడ్రో వీధి పట్టుకుని దక్షిణానికి కొంతదూరం నడిస్తే స్కిడ్ రో వస్తుంది. పేవ్‌మెంటు పొడవునా ఇల్లు లేనివాళ్ళ గుడారాలు. ఎంతోమంది నల్లవాళ్ళు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు. 1891 నుంచి నడుస్తున్న యూనియన్ రెస్క్యూ మిషన్ ఆ వీధిలోనే ఉంది. లోపలికి వెళ్ళి, ఈ ఊరికి కొత్తగా వచ్చానని, వంటగదిలో పని చేస్తానని చెప్పాను. కూరగాయలు తరగడం వచ్చా అని అడిగారు. వచ్చన్నాను. వచ్చే శనివారం రమ్మన్నారు.