రాజోలు నుంచి కువైట్‌కి

హైదరాబాద్ నుంచి కువైట్‌కి ఆకాశమార్గాన సుమారు 3,370 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానమైతే అయిదు గంటల్లోపే దింపేస్తుంది. వెళ్లేటప్పుడు పడమటి గాలి ఎదురొస్తుంది కనక కాస్త ఆలస్యం, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కనక కాస్త తొందర. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కితే, అక్కడి లెక్కన పదిన్నరకల్లా దిగొచ్చు. మస్కట్ ఇంకా దగ్గర, 2,200 కిలోమీటర్లే.

ఇది శంషాబాద్ విమానాశ్రయం లెక్క. రాజోలు లెక్క వేరు.

ఇక్కడ సాయంత్రం బస్సెక్కాలి. చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరం మీదుగా రాత్రంతా ప్రయాణం. ఎల్బీనగర్‌లో దిగేసరికి తెల్లారుతుంది. అక్కణ్ణించి విమానాశ్రయం, అక్కడ మూడు గంటల పడిగాపులు. బస్సు దగ్గర అట్టపెట్టెలు చూస్తే ఎవరెక్కడికో తెలిసిపోతుంది. చుట్టూ నైలాను తాడు, పైన మార్కరుతో పేరూ ఫోన్ నంబరూ, లోపల ఆవకాయ, ఎండు రొయ్యలు, ఆత్రేయపురం పూతరేకులు. బరువు ఎక్కువైతే విమానాశ్రయంలో తీసి పారెయ్యాలని, ఇంటి దగ్గరే కాటాకి తగిలించి రెండు సార్లు తూస్తారు. "దిగ్గానే ఫోన్ చెయ్యమ్మా" అంటున్న అమ్మమ్మ భుజం మీద మనవడు నిద్రపోతుంటాడు. వెళ్లేది వాడి తల్లి.

రాజోలు ఉన్న కోనసీమ నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. పదో తరగతి దాటని ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఆ వయసు తల్లికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తిరిగి రావడం మరీ కష్టం. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, ఆయన సరేనన్న రోజే సెలవు. ఇక్కడ తండ్రి పోతే చివరిచూపు ఫోన్‌లోనే. అక్కడే ఎవరైనా కన్నుమూస్తే కాగితాలన్నీ పూర్తయి శవపేటిక ఊరు చేరడానికి రోజులకి రోజులు పడుతుంది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ విమానాలే లేవు. మనవాళ్లు ఎడారి దారిన, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరాల్సి వచ్చింది. అక్కణ్ణించి ఎయిరిండియా విమానాలు లక్షకు పైగా మందిని దేశానికి చేర్చాయి.

యుద్ధం మన చేతిలో లేదు. ఊరి నుంచి విమానం దాకా ఉన్న దారి మన చేతిలోదే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు. 2004లో రైలు మళ్లీ వచ్చింది గానీ గౌతమి గోదావరికి ఆవలి ఒడ్డునే ఆగింది. అమలాపురం మీదుగా నరసాపురం దాకా పొడిగింపు మంజూరై ఇరవై ఏళ్లు దాటినా అమలాపురం ఇంకా రైలు చూడలేదు. ఆ లైను పూర్తి కావాలి. 2022 అక్టోబరులో విజయవాడ దగ్గరి గన్నవరం నుంచి షార్జాకి విమానం వేసినట్టే కువైట్‌కీ మస్కట్‌కీ నిలకడగా నడపాలి. ఓటడగడానికి వచ్చేవాళ్లని కోనసీమ ఇంటింటా ఈ రెండూ అడగండి.