చేతులు చేసిన క్రిస్మస్ బహుమానములు



డిసెంబరు మన పల్లెలకు రెండు పనుల నెల. ఒక పక్క పత్తి ఏరుడు, వడ్లు కాంటా పెట్టుడు. ఇంకొక పక్క క్రిస్మస్. మందిరానికి సున్నం వేయాలి, పిల్లలకు బట్టలు కుట్టించాలి, పిండి వంటలు చేయాలి. కొన్నేండ్లుగా వీటికి బహుమతులు కూడా తోడైనాయి. పట్నంలో దుకాణం ముందర రంగు కాగితం చుట్టిన డబ్బాలు పేర్చి ఉంటాయి. మన పిల్లలు వాటిని చూస్తారు, ఫోనులో ఇంకా ఎక్కువ చూస్తారు. తరువాత తండ్రి ముఖం చూస్తారు.

ఆ తండ్రి ఏమి చేస్తాడు? పత్తి పైసలు ఇంకా చేతికి రావు. వచ్చినా ఎరువుల దుకాణంలోనే సగం పోతాయి. అందుకని పదివేలు అప్పు తెస్తాడు. నూటికి 3 రూపాయల వడ్డీ అంటే నెలకు 300. మళ్లీ క్రిస్మస్ వచ్చేనాటికి వడ్డీ ఒక్కటే 3,600 అవుతుంది. అసలు అట్లాగే ఉంటుంది, బొమ్మ మాత్రం జనవరిలోనే విరిగి ఉంటుంది. ఇటువంటి లెక్కలు విశ్వాసుల ఇండ్లలో కూర్చుని చాలాసార్లు విన్నాను. పండుగ చేసుకోవద్దని నేను చెప్పుట లేదు. బహుమానము ఇవ్వవద్దనీ చెప్పుట లేదు. ఏది ఇవ్వాలి, ఎట్లా ఇవ్వాలి అన్నదే నా మాట.

నేను జనగామ దగ్గరి పల్లెలో పుట్టినాను. వేదాంత విద్య ముగించుకొని మహబూబాబాద్ వైపు తండాలలో పరిచర్య చేసినాను. ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. 2016లో కొత్త జిల్లాలు కాకముందు ఈ మూడు పట్టణములును వరంగల్ జిల్లాలోనివే. అయినా చేతిపనికి వస్తే మూడు చోట్లా మూడు తీర్లు.

మా జనగామ దగ్గర పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తితో, ఉలితో పువ్వులు లేపే పనివారు అక్కడ తరతరాలుగా ఉన్నారు. వారి పని కొనే శక్తి మా ఇంటికి లేదు. మా అమ్మకు వచ్చింది బొంత కుట్టుడు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరచి, మీదికి మంచి రంగు చీర వేసి, అంచు నుండి లోపలికి వరుస వెంట వరుస కుట్టుకుంటూ వచ్చేది. సంఘములో ఎవరి ఇంట బిడ్డ పుట్టినా ఆ బిడ్డకు మొదటి క్రిస్మస్‌కు మా ఇంటి నుండి చిన్న బొంత పోయేది. చలికాలం గనుక అది పెట్టెలో దాచే వస్తువు కాదు, ఆ రాత్రే పనికి వచ్చేది.

తండాలలో ఇంకొక పని చూచినాను. అక్కడి తల్లులు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే కుట్టు మీలో చాలామందికి తెలిసినదే. ఒక క్రిస్మస్‌కు ఒక తల్లి నా బైబిలుకు సంచి కుట్టి తెచ్చింది. ఆమెకు అక్షరం రాదు. “అయ్యగారు, లోపల ఏముందో నాకు చదువరాదు, పైన మాత్రం నా పని” అన్నది. ఆ సంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని అద్దాలు రెండు ఊడితే మా ఇంటామె మళ్లీ కుట్టింది, కాని ఆ తల్లి కుట్టినంత గట్టిగా రాలేదు.

భూపాలపల్లి సంగతి వేరు. ఇక్కడ ఒకే సండే స్కూలులో సింగరేణి క్వార్టర్ల నుండి వచ్చే పిల్లలు ఉన్నారు, పక్క పల్లెల నుండి కూలివారి పిల్లలూ ఉన్నారు. ఒకరి తండ్రికి నెల నెలా జీతం. ఇంకొకరి తల్లి పత్తి ఏరితే కిలో లెక్కన కూలి. కొన్నేండ్ల క్రిందట మా యౌవనస్థులు క్రిస్మస్‌కు చీటీలు తీసుకున్నారు. ఎవరి పేరు వస్తే వారికి బహుమతి ఇవ్వాలి, 150 రూపాయలకు తక్కువ ఉండరాదని వారే నియమం పెట్టుకున్నారు. చీటీ తీసిన మరుసటి ఆదివారం నుండి ఇంటర్ చదివే ఒక అమ్మాయి కనబడలేదు. జ్వరమేమో అనుకొని మా ఇంటామె వాళ్ల ఇంటికి పోయింది. ఆ తల్లి దాచుకోకుండా చెప్పింది: “జ్వరం కాదమ్మగారు. నూట యాబై ఎక్కడ తెద్దు? పిల్ల సిగ్గుతోని వస్తలేదు.”

క్రీస్తు పుట్టుకను గూర్చిన పండుగ ఒక బిడ్డను మందిరానికి దూరం చేసింది. యౌవనస్థులకు ఈ మాట చెప్పినప్పుడు వారిలో ఎవరూ తల ఎత్తలేదు. వారిని నేను గద్దించలేదు. పిల్లలు మంచివారే, చూచినది చేసినారు. నియమం వారే మార్చుకున్నారు. చీటీలలో సంఘములోని ముసలివారి పేర్లు కూడా వేయాలి, దుకాణంలో కొన్నది ఇవ్వరాదు, చేతితో చేసినదే ఇవ్వాలి.

ఒక పెద్దమనిషికి ఇది నచ్చలేదు. “అయ్యగారు, మన పేదరికం మనమే చాటుకున్నట్టు కాదా?” అని అడిగినాడు. మంచి ప్రశ్నే. నేను ఆయనకు లూకా సువార్త 2వ అధ్యాయము చూపించినాను. యోసేపు, మరియ శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు బలిగా చెప్పినది గువ్వలను, పావురపు పిల్లలను గూర్చియే. లేవీయకాండము 12వ అధ్యాయము ప్రకారము అది గొఱ్ఱెపిల్లను తేలేని బీదవారికి ఇచ్చిన వెసులుబాటు. ఆ తల్లి తనకు ఉన్నదానిని అందరి ఎదుటనే తెచ్చింది. ఆయన కొంతసేపు చూచి, “అయితే నేనేమి చేయగలను, నాకు గొడ్డలి పని తప్ప రాదు” అన్నాడు. ఆ ఏడు ఒక విధవరాలి ఇంటి తలుపుకు కొత్త గడియ, ఆమె కూర్చుండే పీట ఆయన చేసినవే.

ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. ఈసారి ఆమెకు వచ్చిన చీటీలో కంటి చూపు తగ్గిన ఒక అవ్వ పేరు ఉంది. ఆ అవ్వకు చదువు వచ్చు గాని బైబిలు అక్షరాలు ఆనవు. అమ్మాయి ఒక పాత నోటుబుక్కులో మిగిలిన తెల్ల కాగితాలు తీసి, నల్ల స్కెచ్ పెన్నుతో, ఒక్కొక్క అక్షరం బొటనవేలంత చేసి కీర్తనలు వ్రాసింది. పేజీకి నాలుగైదు వరుసలే పట్టినాయి. పది కీర్తనలకు పుస్తకం నిండింది. అవ్వ ఆ పుస్తకాన్ని ఎండలో ముఖానికి దగ్గరగా పెట్టుకొని, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివేది. “నా కండ్లు ఇంకా పోలేదు బిడ్డా, అక్షరాలే చిన్నగైనై” అని నవ్వేది. అసలు చదువురాని వారికైతే పిల్లలు తమ గొంతుతో ఫోనులో చదివి పెట్టవచ్చును.

అయితే ఒక్క మాట తల్లుల పక్షముగా చెప్పాలి. చేతితో చేసినది ఉచితం అనుకోరాదు. కూలికి పోయే స్త్రీకి పూట అంటే కూలి. పత్తి దినములలో బొంత కుట్టుమని ఆమెతో చెప్పుట సులభమే, కాని ఆ పూట కూలి ఎవరిస్తారు? పైగా పిండి వంటలు, ఇల్లు అలుకుడు, చుట్టాలు అంతా ఆమె మీదనే. పురుషులు, పిల్లలు కూర్చుని చేయని బహుమానము ఆడవారికి ఇంకొక వెట్టి. బొంతలు వానకాలంలో పని లేని దినములలో మొదలు పెట్టవలసినవి. డిసెంబరులో అయ్యేవి వేరే ఉన్నాయి.

నక్షత్రము పురుషులు చేయవచ్చును. 1830లలో జర్మనీలోని నీస్కీ అను ఊరిలో మొరేవియన్ సంఘము వారి బడిలో పిల్లలకు రేఖాగణితం నేర్పుటకు కాగితపు నక్షత్రములు చేయించినారు. ఇప్పుడు లోకమంతటా వ్రేలాడే మొరేవియన్ నక్షత్రము ఆ బడిలో పుట్టినదే. మనకు వెదురు ఉంది. రెండడుగుల బద్దలు పది తీసుకోండి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రములు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ దారంతో బిగించండి. లోపల బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్ల బెత్తెడు పుల్లలు అడ్డం నిలిపితే నక్షత్రానికి కడుపు వస్తుంది. ఉడికించిన మైదా జిగురుతో రంగు కాగితం అతికించి, లోపల చిన్న ఎల్‌ఇడి బల్బు పెట్టండి. దీపం మాత్రం పెట్టవద్దు, కాగితం అంటుకుంటుంది. ఇంటికొకటి చేసేవారు ఇంకొకటి ఎక్కువ చేసి, మగదిక్కు లేని ఇంటికి వారే పోయి కట్టి రావలెను.

పెండ్లి కార్డులు పారవేయకండి. ఆ మందపు కాగితాన్ని రెండు వ్రేళ్ల వెడల్పున కత్తిరించి, పైన రంధ్రం చేసి దారం కట్టితే బైబిలులో పెట్టుకొనే గుర్తు అవుతుంది. పొరుగువారి కార్డుల మీద వారి దేవతల బొమ్మలు ఉంటాయి. అవి కత్తెరకు పెట్టవద్దు. వారికి బాధ కలిగించి మనము పండుగ చేయనక్కరలేదు.

ఇప్పుడు ఉసిరికాయల కాలం కూడాను. కిలో కాయలు కడిగి, తుడిచి, తడి ఆరినాక రోట్లో దంచి, పావు కిలో ఉప్పు, కొంత పసుపు కలిపి జాడీలో పెట్టండి. మూడు దినములకు గింజలు తీసి, కారం కలిపి, వెల్లుల్లి పోపు పెట్టితే తొక్కు తయారు. గాజు సీసాలు ఎండలో బాగా ఎండాలి, తడి ఉంటే బూజు పడుతుంది. ఒంటరిగా ఉండే ముసలివారికి ఇది నెలల తరబడి కూర.

చినిగిన బట్ట, మనకు పనికిరాని గిన్నె ఇచ్చి చేతి బహుమానము అనుట మాత్రం నాకు సమ్మతము కాదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపించినవి ఆమె వారి కొరకు కుట్టిన అంగీలు, వస్త్రములు. హన్నా ఏటేటా చిన్న సమూయేలుకు అంగీ కుట్టి తీసుకొని పోయేది. బిడ్డ ఏటికేడు పెరుగుతాడు గదా, కొలత కంటితో చూడలేదు. దూరంలో ఉండి, ఈ ఏడు ఇంత పొడవై ఉంటాడని ఆ తల్లి మనసులోనే లెక్క కట్టి ఉంటుంది.

25వ తేదీకి పని ముగియని వారు దిగులు పడవద్దు. జ్ఞానులు కానుకలు తెచ్చినదానిని సంఘము జనవరి 6న ప్రత్యక్షత పండుగగా జ్ఞాపకము చేసుకుంటుంది. మన మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో ఉన్న పెద్ద మందిరానికి ఆ పండుగ పేరే పెట్టినారు, ఎపిఫనీ కతీడ్రల్ అని. 1912లో అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు, దానిని కట్టించినారు. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడినది. కాబట్టి క్రిస్మస్ తరువాత ఇంకా పన్నెండు దినములు ఉన్నాయి. మా ఇంట్లో ఒక బొంత సగమే అయింది. నక్షత్రము కట్టుట అయిపోగానే దారం ఎక్కించి ఇచ్చే పని నాకు అప్పగించినారు.