గోంగూరకూ రాత్రి కావాలి

మార్గశిరం వచ్చిందంటే తెనాలి వణికిపోతుంది. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర మంకీ క్యాపులు, మఫ్లర్లు, చేతుల్లో పొగలు కక్కే గ్లాసులు! తీరా చూస్తే ఉష్ణోగ్రత పదహారు, పదిహేడు డిగ్రీలకు దిగితే గొప్ప. ఈపాటి చలి మొక్కలకు మాత్రం పండగే. కాలవగట్ల వెంబడి ఇళ్ళ ముందు బంతీ చామంతీ విరగబూశాయి. చిక్కుడు పాదులు గోడ దూకి పక్కింటి డాబా ఎక్కేశాయి.

ఇక్కడి నుంచి రేపల్లె ప్యాసింజరు ఎక్కాలి. 1916లో వేసిన లైను. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్ళి రేపల్లెలో ఆగిపోతుంది. ఆపైన పట్టాల్లేవు. కిటికీ పక్కన కోసిన వరి పనలు, వాటి సందుల్లోంచి అప్పుడే తల ఎత్తుతున్న మినుము మొక్కలు.

ఇంత దూరం నేను వెళ్తున్నది ఒక పెరడు చూడటానికి. ఆ పెరడుకి రెండో సగం అమెరికాలో ఉంది.

ఆయన రిటైరైన బడిపంతులు. పెళ్ళైన ఏడే భార్యాభర్తలిద్దరూ కలిసి బావి పక్కన గోంగూర చల్లారట. యాభై ఏళ్ళు దాటినా ఆ మడి అక్కడే ఉంది. కూతురు న్యూజెర్సీలో స్థిరపడ్డాక ఏటా ఏప్రిల్‌లో వెళ్ళడం, అక్టోబరులో తిరిగి రావడం. మనవల్ని చూడటానికేనా అంటే పెద్దావిడ నవ్వేశారు. ‘‘మీ బాబాయిగారు విమానం దిగగానే ముందు పెరట్లోకి వెళ్ళి మట్టి చూసేవారు బాబూ!’’

చలి దేశంలో తోట అంటే గడియారంతో పందెం. మే రెండో వారం దాటితేగానీ నారు బయట పెట్టడానికి ధైర్యం చాలదు. అందాకా వంటింటి కిటికీలో కప్పుల్లోనే మొలకలు. తీరా అంతా చేతికొచ్చే వేళకు, అక్టోబరులో ఒక్క రాత్రి మంచు గడ్డకడితే చాలు. ‘‘పడుకునేటప్పుడు పచ్చగా ఉన్న చెట్టు తెల్లారేసరికి ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోతుంది’’ అన్నారు మాస్టారు.

అంతకంటే బాధించింది ఇంకొకటి. అక్కడ గోంగూర మనిషెత్తు పెరుగుతుంది. ఆకు కోసినకొద్దీ వస్తుంది. పువ్వు మాత్రం రాదు. వచ్చినా కాయ ముదరకముందే మంచు పడుతుంది. చిక్కుడూ అంతే. పందిరంతా ఆకే! విత్తనం కట్టదు కాబట్టి ఏటా రేపల్లె నుంచే వెళ్ళాలి. ఆ దేశానికి విత్తనాలు పట్టుకెళ్ళాలంటే తెగుళ్ళు లేవనే ధ్రువపత్రం ఉండాలి. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు భయంతో పచ్చి కరివేపాకునైతే అసలు రానివ్వరు. ఒక ఏడాది వీళ్ళు ఆ సంగతి తెలియక తీసుకెళ్ళిన పొట్లాలన్నీ విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి వెళ్ళాయి. అది గొడ్డు నేల అని తేల్చేశారు పెద్దావిడ. మాస్టారు మాత్రం కారణం కనుక్కుందామని బాపట్ల బయల్దేరారు.

నేనూ బయల్దేరాను. రైల్లో అయితే మళ్ళీ తెనాలి వెళ్ళి మారాలి. బస్సే నయం. సముద్రం దగ్గరపడేకొద్దీ నల్లరేగడి పోయి ఇసుక వస్తుంది. ఈ ఇసుకలో లోతుగా తవ్వితే ఉప్పునీరే. అందుకే పైపైన దొరువులు తీసి, తేలివచ్చిన మంచినీళ్ళతో తోటలు తడుపుకుంటారు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరిది. మనం తినే సాంబమసూరి ఇక్కడిదే. దాని అసలు పేరు బీపీటీ 5204, విడుదలైంది 1986లో. (బీపీటీ అంటే బాపట్లే!)

‘‘నేల తప్పేం లేదు’’ అన్నారు కళాశాలలో ఒక అధ్యాపకుడు. గోంగూర, నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూతకొచ్చే మొక్కలు. నిజానికి అవి లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. తెనాలి ఉన్నది పదహారో అక్షాంశం మీద. జూన్‌లో పగలు పదమూడు గంటలు. నలభయ్యో అక్షాంశంలో ఉన్న న్యూజెర్సీలో పదిహేను. రాత్రి సరిపడా పెరిగేది సెప్టెంబరు చివరికి. పొద్దుతో పనిలేకుండా కాసే అర్క జయ్ లాంటి చిక్కుళ్ళు బెంగళూరు పరిశోధకులు తయారుచేశారుగానీ, పెద్దావిడకు తన నాటు చిక్కుడే కావాలి. మరెలా? రాత్రిని తెచ్చిపెట్టడమే!

ఆ మాట రేపల్లె మీదుగా న్యూజెర్సీ చేరింది. అప్పటికే మాస్టారి మోకాళ్ళు విమానం ఎక్కనివ్వడం మానేశాయి. కిందటి వేసవిలో కూతురు ఒక గోంగూర మొక్కను కుండీలో పెట్టింది. జులై నుంచి రోజూ సాయంత్రం అయిదింటికి దానిమీద అట్టపెట్టె బోర్లించడం, పొద్దున తీయడం మనవరాలి డ్యూటీ. రెండు రాత్రులు మర్చిపోయిందని ఇక్కడ ఫోన్లో గొడవ! ఆగస్టులో మొగ్గ వచ్చింది. అక్టోబరులో చలి ముదిరాక కుండీ రాత్రిళ్ళు ఇంట్లోనే పడుకుంది. కాయలు ఎండాయి. మాస్టారు ఫోన్ తీసి చూపించారు. చిన్న అరచేతిలో గుప్పెడు నల్లగింజలు.

‘‘బూడిదలో కలిపి దాచమని చెప్పారా?’’ లోపల్నుంచి కేకేశారు పెద్దావిడ.

‘‘ఆ ఇంట్లో కట్టెల పొయ్యి ఎక్కడుందే?’’ అన్నారాయన, ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటూ.