ఎండాకాలంలో వెనిల్లా సెంటా?

వెనిల్లా సెంటు అనగానే మీరు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. "ఒంటికి కస్టర్డు పూసుకుని పెళ్లికి వెళ్లమంటారా?" అని అడుగుతారు కూడా. ఆ ముద్ద వెనిల్లా సంగతి కాదు లెండి నేను చెప్పేది. పలచటిది, విజయవాడ ఎండలో కూడా ఊపిరి ఆడనిచ్చేది ఒక రకం ఉంది.

కొట్టులో కాగితం ముక్క మీద చల్లి ఇస్తారే, అప్పుడు ముక్కుకి తగిలేది చాలావరకు వెనిల్లా కాదు. బెర్గమాట్, నారింజ లాంటి నిమ్మజాతి నూనెలు. అవి తేలిక, ఇట్టే ఆవిరైపోతాయి. వెనిల్లా వాసనకి మూలమైన వెనిల్లిన్ అలా కాదు, నిదానంగా లేస్తుంది. ముందొచ్చిన చుట్టాలు కాఫీ తాగి వెళ్లిపోతే, ఇది భోజనానికి కూడా ఉండిపోయే రకం. అందుకే కొట్టులో ముచ్చటపడి అక్కడికక్కడే కొనెయ్యకండి. మణికట్టు మీద చల్లుకుని, బజారు పనులు చూసుకుని, గంట తర్వాత మళ్లీ వాసన చూడండి. మీతో సాయంత్రం దాకా ఉండబోయేది అదీ. అప్పటికి బిస్కెట్టు వాసన మిగిలితే ఆ సీసా నాకొద్దు. తీపి తగ్గి, స్నానం చేసొచ్చిన ఒంటి వాసనలా ఉంటే మాత్రం బేరమాడొచ్చు. అలాంటి వాటిలో వెనిల్లా మోతాదు తగ్గించి, పక్కన కస్తూరిని తలపించే తేలికపాటి వాసనలు చేరుస్తారు.

నిమ్మని, వెనిల్లాని జత చెయ్యడం కొత్తేమీ కాదు. 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్ రసాయనికులు దేవదారు జాతి చెట్ల నుంచి దొరికే కోనిఫెరిన్‌తో వెనిల్లిన్ తయారుచేశారు. 1889లో పారిస్‌లోని గెర్లాన్ వాళ్లు దాన్ని జికీ అనే సెంటులో వాడారు. 1925లో వాళ్లదే షాలిమార్ వచ్చింది. పేరేమో మన మొగలుల తోటది, పైన దండిగా బెర్గమాట్, అడుగున వెనిల్లిన్‌కి దగ్గరి చుట్టం ఇథైల్ వెనిల్లిన్. దాన్ని పలచటిదంటే ఎవరూ ఒప్పుకోరనుకోండి, కానీ కిటుకు అదే.

ఇక వాడకం. పొడిబారిన చర్మం మీద ఏ సెంటూ ఎక్కువసేపు నిలవదు. స్నానం కాగానే వాసన లేని లోషన్ కాస్త రాసుకుని, దాని మీద కొట్టుకోండి. తెల్ల చీర మీదా, తెల్ల చొక్కా మీదా మాత్రం వద్దు. వెనిల్లిన్ ఉన్న సెంటు రానురాను గోధుమరంగుకి తిరుగుతుంది, మరక పడితే చాకలి మీద అరిచి లాభం లేదు. జడలో మల్లెలున్న రోజు నేనైతే సీసా జోలికే పోను. మల్లె ముందు వెనిల్లా వెలవెలబోతుంది, పోనీ రెండూ గెలిస్తే తలనొప్పి.

అన్నట్టు, మధ్యాహ్నానికి వాసన పోయిందని మళ్లీ మళ్లీ కొట్టుకునేవాళ్లున్నారు. పోయింది వాసన కాకపోవచ్చు, మీ ముక్కు దానికి అలవాటుపడి ఉండొచ్చు. ఇంట్లో ఎవరినైనా అడగండి. లేదా లిఫ్టులో పక్కవాళ్ల మొహం చూడండి, వాళ్లకి వస్తూనే ఉంటుంది.